కౌన్సెలర్ సలహా ఎందుకివ్వరు?

కౌన్సెలింగ్ గురించి ఈసారి వచ్చిన ఉత్తరాలు చాలావరకు ఒకే పద్ధతి చుట్టూ తిరిగాయి. అది అమెరికన్ మనస్తత్వవేత్త కార్ల్ రోజర్స్ (1902-1987) రూపొందించిన క్లయింట్ సెంటర్డ్ థెరపీ. అంటే కౌన్సెలర్ సలహా, తీర్పు చెప్పకుండా వింటూ, వచ్చిన మనిషే తన దారి వెతుక్కునేలా తోడుండే పద్ధతి. అందుకని ఈ నెల శీర్షిక మొత్తం దానికే కేటాయించాం. ఉత్తరాలు రాసినవారి పేర్లు ఇవ్వడం లేదు.

ప్రశ్న: ఆరు నెలలుగా నిద్ర సరిగా పట్టక, ఏ పని మీదా మనసు నిలవక ఒక కౌన్సెలర్ దగ్గరికి వెళ్తున్నాను. ఇప్పటికి నాలుగుసార్లు వెళ్ళాను. ఆవిడ శ్రద్ధగా వింటారు. నేను చెప్పిందే ఇంకో రకంగా అంటారు. "నేనేం చెయ్యాలో చెప్పండి మేడం" అంటే మాత్రం చెప్పరు. వినడానికైతే ఇంట్లో అమ్మ ఉంది కదా, డబ్బు కట్టి మరీ వెళ్ళడమెందుకు? (ఒక పాఠకురాలు, గుంటూరు)

జవాబు: ముందు శరీరం సంగతి చూసుకోండి. ఆరు నెలలుగా నిద్ర లేదు, మనసు నిలవడం లేదు అంటున్నారు కాబట్టి, ఇప్పటిదాకా చూపించుకోకపోతే ఒకసారి డాక్టర్ దగ్గర థైరాయిడ్, హిమోగ్లోబిన్ పరీక్షలు చేయించుకోండి. డిప్రెషన్ ఉందేమో కూడా ఆయన చూస్తారు. కౌన్సెలింగ్ మంచిదే అయినా రక్తహీనతను తగ్గించలేదు.

ఇక మీ ప్రశ్న. రోజర్స్ కూడా మొదట్లో సలహాలు ఇచ్చినవాడే. 1928 నుంచి పన్నెండేళ్ళు న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్‌లో పిల్లల సమస్యలు చూశాడు. ఒక అల్లరి పిల్లవాడి తల్లితో చాలా వారాలు మాట్లాడాడు. చిన్నప్పుడు ఆమె పిల్లవాణ్ణి తోసిపుచ్చినందువల్లే వాడలా తయారయ్యాడని తన అంచనా. దాన్ని ఆమెకు అర్థమయ్యేలా చెప్పాలని శతవిధాలా ప్రయత్నించాడు. పని జరగలేదు, ఇక ఆపేద్దాం అనుకున్నారు. ఆమె తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగి, ఇక్కడ పెద్దవాళ్ళకు కూడా కౌన్సెలింగ్ చేస్తారా అని అడిగింది. మళ్ళీ వచ్చి కూర్చుని కొడుకు సంగతి పక్కన పెట్టి తన కాపురం గురించి, తన నిరాశ గురించి చెప్పడం మొదలుపెట్టింది. అసలు చికిత్స అప్పుడు మొదలైందని రోజర్స్ తర్వాత రాశాడు. ఎక్కడ నొప్పి ఉందో ఆమెకు తెలుసు, తనకు తెలియదు. ఇన్ని వారాలూ తాను ఆమెకు అడ్డుపడుతున్నాడన్నమాట.

ఈ ఆలోచనను 1940 డిసెంబర్ 11న మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఒక ప్రసంగంగా చెప్పాడు. 1942లో పుస్తకంగా తెచ్చాడు. "రోగి" అనే మాట వదిలి "క్లయింట్" అన్నాడు. ఆ పుస్తకంలోనే ఒక వ్యక్తితో జరిగిన ఎనిమిది సంభాషణలను రికార్డు చేసి, మొదటి మాట నుంచి చివరి మాట దాకా అచ్చు వేశాడు. మూసిన తలుపుల వెనక జరిగే చికిత్సను అలా పూర్తిగా బయటపెట్టింది ఆయనే. ఈ పద్ధతి మీద మాకున్న గౌరవానికి అదొక పెద్ద కారణం.

మీ అమ్మగారు వినడానికీ కౌన్సెలర్ వినడానికీ తేడా ఏమిటంటే, మీరు ఏ నిర్ణయం తీసుకున్నా దాని ఫలితం అమ్మగారి మీద పడుతుంది. అందుకే ఆమె ప్రేమలో భయం కూడా కలిసి ఉంటుంది. "ఉద్యోగం మానేద్దామనుకుంటున్నా" అని మీరు అనేసరికి ఆమె గుండె గుభేలుమంటుంది, మీ మాట అక్కడితో ఆగిపోతుంది. కౌన్సెలర్‌కు అలాంటి పట్టింపు ఉండదు, ఉండకూడదు. ఇక సలహా అంటారా, ఈ నాలుగు సెషన్లలో మీ జీవితంలో ఆమెకు తెలిసింది మహా అయితే మూడున్నర గంటల మాట. దాన్ని పట్టుకుని చెప్పిన సలహా బెడిసికొడితే నష్టం మీది. ఫలిస్తే తర్వాతి చిక్కుకు మళ్ళీ ఆమె దగ్గరికే పరుగెత్తాలి.

అయితే సలహా వేరు, సమాచారం వేరు. ఫలానా పరీక్ష ఎక్కడ చేస్తారు, ఫలానా చట్టం ఏం చెబుతుంది అని అడిగితే కౌన్సెలర్ చెప్పాలి. "నేను చెప్పను" అని బిగుసుకోవడం ఈ పద్ధతి కాదు. సలహా అడిగినప్పుడు కూడా మాట దాటవేయకూడదు. ఎందుకివ్వడం లేదో రెండు ముక్కల్లో వివరించాలి.

మన దేశంలో ఇది నప్పదనే వాదన కొత్తది కాదు. మనోవైద్యుడు, పంజాబీ కవి జె.ఎస్. నేకీ 1973లో గురుశిష్య సంబంధాన్ని చికిత్సకు ఒక నమూనాగా తీసుకోవచ్చని రాశారు. మన దగ్గర మనిషి పెద్దల మీద ఆధారపడటాన్ని తప్పుగా చూడడని, చికిత్స చేసేవారు దాన్ని గుర్తించాలని ఆయన ఉద్దేశం. అందులో నిజముంది. మొదటి సెషన్లలో కౌన్సెలర్ కాస్త ఎక్కువ మాట్లాడి, పద్ధతి వివరించి, భరోసా ఇస్తే తప్పేం లేదు. కానీ ఉత్తరాలు చదివిన మీదట మాకు అనిపించేది ఒకటుంది. తెలుగిళ్ళలో సలహాకు కరువు లేదు. బాబాయి చెబుతాడు, పక్కింటావిడ చెబుతుంది, వాట్సాప్ గ్రూపు చెబుతుంది. తీర్పు చెప్పకుండా చివరిదాకా వినే మనిషే దొరకడం లేదు.

ఈసారి వెళ్ళినప్పుడు మాకు రాసిందే ఆవిడతో అనండి: "మీరు ఏమీ చెప్పకపోతే నాకు చిరాగ్గా ఉంది, డబ్బు దండగనిపిస్తోంది." మంచి కౌన్సెలర్ నొచ్చుకోరు, ఆ చిరాకునే శ్రద్ధగా తీసుకుంటారు. మొహం మాడ్చుకున్నా, పాఠం చెప్పినా లోపం అక్కడుంది. ఆరేడు సెషన్లు అయ్యాక మీకు మీరే చూసుకోండి. నిద్ర, పని కొంచెమైనా మారాయా? మొదటిరోజు చెప్పలేని మాట ఏదైనా ఇప్పుడు చెప్పగలుగుతున్నారా? రెండూ లేకపోతే పద్ధతి మార్చమనో, మరొకరి దగ్గరికి పంపమనో అడిగే హక్కు మీకుంది.

ప్రశ్న: ఎమ్మెస్సీ సైకాలజీ చదువుతున్నాను. ప్రాక్టీసులో క్లయింటు భావాన్ని తిరిగి చెప్పమంటారు. నేను చెబితే చిలకపలుకుల్లా ఉంటోంది, తోటివాళ్ళు నవ్వుతున్నారు. ఇంగ్లీషులో బాగానే వస్తుంది, తెలుగులోనే కృతకంగా ఉంది. (ఒక విద్యార్థి, విశాఖపట్నం)

జవాబు: మీకు వచ్చిన చిక్కు రోజర్స్‌కు కూడా తెలుసు. తన పద్ధతిని "భావాన్ని ప్రతిబింబించడం" అనే ఒక్క ఉపాయంగా కుదించి నేర్పడం చూసి ఆయన బాధపడ్డాడు. తాను చేసేది ప్రతిబింబించడం కాదని, నాకర్థమైంది సరేనా అని సరిచూసుకోవడమని 1986లో రాశాడు. మీ వాక్యం చివర అడగకపోయినా, వినపడకపోయినా ఆ ప్రశ్న ఉండాలి. అది లేకపోతే చిలకపలుకే.

తెలుగులో దీనికి మంచి సౌకర్యం ఉంది. ఎదుటివాళ్ళ మనసు గురించి మనం "మీకు కోపంగా ఉంది" అని తేల్చి చెప్పం. చెబితే ఎబ్బెట్టుగా ఉంటుంది. "కోపంగా ఉన్నట్టుంది" అంటాం. ఆ "ట్టుంది"లోనే వినయం ఉంది, సరిదిద్దడానికి చోటూ ఉంది. ఇంగ్లీషు పాఠ్యపుస్తకాల వాక్యాలను మనసులో అనువాదం చేసుకుంటున్నందువల్లే మీ మాట బిగుసుకుపోతోంది.

ఒక ఉదాహరణ. క్లయింటు ఇలా అందనుకోండి: "మా అత్తగారికి నేనేం చేసినా తప్పే. మొన్న పులుసు బాగుందని మావయ్యగారు అన్నారు. ఆవిడ లేచి వెళ్ళిపోయింది. మనం ఎంత చేసినా ఎవరికీ పట్టదండీ."

"అంటే మీ అత్తగారికి మీరేం చేసినా తప్పే" అంటే చిలకపలుకు. "మీకు బాధగా ఉంది" అంటే తప్పు కాదు, కానీ అందులో ఆమె లేదు, ఎవరికైనా సరిపోయే మాట. "అత్తగారికి అసూయేమో" అంటే మీరు లేని మనిషి గురించి తీర్పు చెప్పారు. "పోనీలెండి, పెద్దావిడ కదా" అంటే తలుపు మూసేశారు. "మీ ఆయనతో మాట్లాడి చూశారా" అంటే సలహాకు ప్రశ్న వేషం వేశారు.

ఇలా అని చూడండి: "ఒక్కరు మెచ్చుకున్నారన్న సంతోషం కూడా మిగలకుండా పోయినట్టుంది... మీరెంత చేసినా లెక్కలోకి రావడం లేదని."

ఇందులో రెండు సంగతులు గమనించండి. ఆమె వాడిన "మనం" అసలు "నేను". తెలుగులో సొంత బాధను సూటిగా చెప్పుకోలేనప్పుడు "మనం" వెనక, "మనిషన్నాక" వెనక దాక్కుంటాం. "నేను అనండి" అని దిద్దకూడదు. మీ జవాబులో మెల్లగా "మీరు" అంటే చాలు. కొన్నాళ్ళకు ఆమే "నాకు ఒళ్ళు మండిపోయింది" అంటుంది. చికిత్స ముందుకు సాగేకొద్దీ మాట ఇలా మారుతుందని రోజర్స్ 1958లో ఏడు దశలుగా వివరించాడు. మొదటి దశల్లో భావాలు ఎక్కడో, ఎవరివో, ఎప్పటివో అన్నట్టు ఉంటాయి. పై దశల్లో ఇప్పుడే, ఇక్కడే, నావే అవుతాయి.

రెండోది, ఆమె వెంటనే "సంతోషం పోవడం కాదండీ, భయం వేసింది" అనవచ్చు. మీరు తప్పారని కంగారు పడకండి. ఆమె లోపలికి చూసుకుని మీ మాటను దిద్దింది, మనం కోరుకునేది అదే. "ఓ, భయం" అని ఊరుకోండి. నేను అన్నదీ కొంత నిజమే కదా అని వాదిస్తేనే చెడుతుంది.

శరీరం మాటలు వస్తే వాటిని యథాతథంగా ఉంచండి. గుండె బరువెక్కింది, కడుపు రగిలిపోతోంది, గొంతులో ఏదో అడ్డం పడ్డట్టుంది అంటే వాటిని యాంగ్జయిటీ అనో డిప్రెషన్ అనో మార్చేయకండి. షికాగోలో రోజర్స్‌తో పనిచేసిన యూజీన్ జెండ్లిన్ రికార్డింగులు పరిశీలించి, ఇంకా మాటల్లోకి రాని ఆ శరీర స్పృహ దగ్గర ఆగి, దానికి తగిన మాట వెతుక్కునే క్లయింట్లే ఎక్కువ బాగుపడుతున్నారని గుర్తించాడు. ఆ ఆగడాన్ని నేర్పడానికే ఆయన ఫోకసింగ్ అనే పద్ధతిని తయారుచేశాడు. "గొంతులో అడ్డం... దాని దగ్గరే కాసేపు ఉందామా?" అని మీరు మౌనంగా ఉండగలిగితే చాలు.

మౌనంలోనూ రకాలుంటాయి. క్లయింటు చూపు కిందికి ఉండి, పెదవి కదులుతూ ఉంటే లోపల పని జరుగుతోంది, కదిలించకండి. చూపు మీ మొహం మీదికి, గడియారం మీదికి తిరుగుతుంటే ఇరుక్కుపోయారు, అప్పుడు మాట కలపండి.

"ఎందుకు" అనే మాటను వీలైనంత తగ్గించండి. "ఎందుకలా చేశావు?" అనేది చిన్నప్పుడు దెబ్బలు పడే ముందు మనం విన్న మాట. అది వినగానే మనిషి సంజాయిషీ మొదలుపెడతాడు. అలాగని ప్రతి దానికీ "మీకెలా అనిపించింది" అన్నా విసుగే.

పిలుపుల సంగతీ చూసుకోండి. క్లయింటు మిమ్మల్ని "అన్నా" అనో "ఆంటీ" అనో పిలిస్తే వద్దనకండి. ఆ వరసతో పాటు పెద్దరికమూ, సలహా చెప్పాల్సిన బాధ్యతా మీ మీదికి వచ్చి కూర్చుంటాయని మాత్రం గుర్తుంచుకోండి. మీ వైపు నుంచి పెద్దవాళ్ళకు "మీరు" తప్పనిసరి. కాలేజీ వయసువాళ్ళను ఎలా పిలవమంటారో అడిగి తెలుసుకోండి.

సాధన ఇలా చేయండి. తోటి విద్యార్థిని కల్పిత సమస్య కాకుండా, చిన్నదైనా నిజమైన చికాకు ఒకటి చెప్పమనండి. అనుమతితో ఇరవై నిమిషాలు రికార్డు చేయండి. మధ్యలో ఐదు నిమిషాలు అక్షరం వదలకుండా రాసుకోండి. మీ ప్రతి మాట పక్కనా అది ప్రశ్నా, సలహా, ఓదార్పా, వ్యాఖ్యానమా, సరిచూసుకోవడమా అని గుర్తు పెట్టండి. మొదటిసారి చాలామందికి సగానికి సగం ప్రశ్నలే ఉంటాయి. క్లయింటు కంటే మీరు ఎక్కువ మాట్లాడిన చోట ఆపి, అప్పుడు మీకు ఏం భయం వేసిందో చూసుకోండి. పని అయ్యాక రికార్డింగు చెరిపేయండి.

ప్రశ్న: ఈ పద్ధతిలో ఎదుటి మనిషిని ఏ షరతూ పెట్టకుండా స్వీకరించడాన్ని "షరతుల్లేని ఆదరణ" అంటున్నారు. మా అబ్బాయి ఇంటర్ చదువుతూ రాత్రి రెండింటి దాకా ఫోన్ చూస్తాడు. అదీ ఆదరించాలా? (ఒక తండ్రి, కరీంనగర్)

జవాబు: అక్కర్లేదు. ఆదరించేది అబ్బాయిని, రెండింటిదాకా ఫోన్ చూడటాన్ని కాదు. "పదకొండు తర్వాత ఫోన్ హాల్లో ఉంటుంది" అని ఇంటి నియమం పెట్టండి, దాన్ని మీరూ పాటించండి. అది ఆదరణకు అడ్డం కాదు. అడ్డమయ్యేది "ర్యాంకు వస్తేనే నా కొడుకువి" అని మాటతోనో, మొహంతోనో తెలియజేయడం. రోజర్స్ వీటిని విలువకు పెట్టే షరతులు అన్నాడు. పిల్లవాడు ఆ షరతుల్ని మింగి, తనకేం అనిపిస్తోందో తానే నమ్మడం మానేస్తాడు. లెక్కలంటే భయమని చెప్పడు, కడుపునొప్పి అంటాడు. ఫోన్ సంగతి తేల్చే ముందు ఒక పూట "రాత్రిపూట నీకు నిద్ర పట్టడం లేదా?" అని అడిగి, జవాబు పూర్తయ్యేదాకా అడ్డురాకండి. కొందరు పిల్లలు ఫోన్ వల్ల నిద్రపోరు. కొందరు నిద్ర రాకే ఫోన్ పట్టుకుంటారు.

ప్రశ్న: బడిలో టీచర్‌ని. పిల్లలు వచ్చి కష్టాలు చెప్పుకుంటారు. ఈ పద్ధతిని నేను వాడవచ్చా? (ఒక ఉపాధ్యాయిని, నిజామాబాద్ జిల్లా)

జవాబు: చికిత్స చేయకూడదు. వినడం తప్పకుండా చేయవచ్చు. స్టాఫ్ రూములో నలుగురి మధ్య కాకుండా, తలుపు తెరిచి ఉన్న ఖాళీ గదిలో, మీరూ కూర్చుని, బిడ్డనూ కూర్చోబెట్టి పదిహేను, ఇరవై నిమిషాలు ఇవ్వండి. అంత సమయం లేకపోతే ముందే చెప్పి రేపు ఫలానా పీరియడ్‌లో అనండి, మాట తప్పకండి. "మీ నాన్న ఎంత కష్టపడుతున్నాడో తెలుసా" అనే మాట ఎంత నిజమైనా ఆ గదిలో వద్దు.

అన్నిటికంటే ముఖ్యం, మొదట్లోనే "ఇది ఎవరికీ చెప్పను" అని ఒట్టు వేయకండి. "నీకు ప్రమాదమనిపిస్తే మాత్రం పెద్దవాళ్ళకు చెప్పాల్సి వస్తుంది, నీకు చెప్పే చేస్తాను" అనండి. లైంగిక హింస గురించి తెలిస్తే పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలియజేయడం తప్పనిసరి. చైల్డ్ హెల్ప్‌లైన్ 1098 ఉంది. "బతకాలని లేదు" లాంటి మాట వస్తే "చనిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడగండి. అడిగినందువల్ల ఆ ఆలోచన కొత్తగా పుట్టదు, చెప్పుకోవడానికి దారి దొరుకుతుంది. అవునంటే బిడ్డను ఒంటరిగా వదలకుండా ఇంటివారిని పిలిపించండి. కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. అది ఉచితం, రోజంతా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు.

ప్రశ్న: మా తమ్ముడికి ఎవరో తిడుతున్నట్టు వినిపిస్తోందట. మందులు లేకుండా ఇలాంటి కౌన్సెలింగ్‌తో తగ్గుతుందా? (ఒక పాఠకుడు, హైదరాబాద్)

జవాబు: లేదు. ఈ వారమే సైకియాట్రిస్టుకు చూపించండి. ఎర్రగడ్డలో ప్రభుత్వ మానసిక చికిత్సాలయం ఉంది. గొంతులు వినిపించడం లాంటి లక్షణాలుండే స్కిజోఫ్రీనియా అనే జబ్బు ఉన్నవారితో ఈ పద్ధతిని రోజర్స్ స్వయంగా విస్కాన్సిన్‌లో పెద్ద ఎత్తున పరీక్షించాడు. ఫలితాలు 1967లో వచ్చాయి. థెరపీ పొందినవారికీ పొందనివారికీ మొత్తం మీద చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అయితే తమ్ముడితో మీరు మాట్లాడే తీరులో ఇది పనికొస్తుంది. "అలాంటి గొంతులేవీ లేవు" అని వాదించకండి, "ఉన్నాయి" అని ఒప్పుకోకండి. "అలా వినిపిస్తుంటే భయంగా ఉండుంటుంది" అనండి. అది నిజం, అతనికి అందుతుంది కూడా.

డిప్రెషన్ విషయంలో ఫలితాలు బాగానే ఉన్నాయి. ఇంగ్లండులో 510 మందితో జరిగి 2021లో వెలువడిన పరిశోధనలో, రోజర్స్ పద్ధతి నుంచి పెరిగిన చికిత్స ఆరు నెలల దగ్గర సీబీటీకి (ఆలోచనలను, ప్రవర్తనను మార్చుకోవడం నేర్పే చికిత్సకు) తీసిపోలేదు. ఏడాది దగ్గర మాత్రం సీబీటీ మెరుగ్గా కనిపించింది. చేతులు పదేపదే కడుక్కునే ఓసీడీకైతే అందుకోసమే ఉన్న ప్రవర్తనా చికిత్సకు వెళ్ళండి.

ప్రశ్న: బీఈడీలో చదివిన మాస్లో పిరమిడ్, ఇదీ ఒకటేనా? (ఒక అభ్యర్థి, కర్నూలు)

జవాబు: ఒకే కుటుంబం. అమెరికన్ మనస్తత్వవేత్త మాస్లో, రోజర్స్ ఇద్దరూ మానవతావాద మనస్తత్వశాస్త్రానికి పెద్దదిక్కులు. ఫ్రాయిడ్ మార్గానికీ, బయటికి కనిపించే ప్రవర్తననే లెక్కలోకి తీసుకునే ప్రవర్తనావాదానికీ భిన్నంగా నిలిచింది కాబట్టి దాన్ని మూడో శక్తి అన్నారు. మనిషి అవసరాలను తిండీ నిద్రా నుంచి మెట్లుగా పేర్చిన మాస్లో అవసరాల క్రమం 1943 నాటి వ్యాసంలోది. ఆ వ్యాసంలో పిరమిడ్ బొమ్మ లేదు. కింది మెట్టు నూటికి నూరుపాళ్ళు నిండితేనే పై మెట్టు అని కూడా ఆయన అనలేదు. పరీక్షలో ఆ సంగతి రాయండి.

ప్రశ్న: ఫోన్‌లో చాట్ చేసే ప్రోగ్రాంతో నా బాధలు చెప్పుకుంటున్నాను. అది కూడా సలహా ఇవ్వకుండా భలే వింటుంది. కౌన్సెలర్ అవసరం ఉందా? (ఒక పాఠకురాలు, తిరుపతి)

జవాబు: 1966లో అమెరికాలోని ఎమ్ఐటీలో జోసెఫ్ వైజెన్‌బామ్ ఎలైజా అనే ప్రోగ్రాం రాశాడు. అది రోజర్స్ తరహా థెరపిస్టును అనుకరిస్తూ, మనం టైపు చేసిన మాటల్నే అటూఇటూ మార్చి ప్రశ్నగా తిప్పి పంపేది. అందులో ఏమీ లేదని తెలిసిన ఆయన సెక్రటరీ కూడా దానితో కాసేపు మాట్లాడి, ఆయన్ను గదిలోంచి బయటికి వెళ్ళమంది. వినేవారి కోసం మనిషి ఎంతగా తపిస్తాడో దాన్నిబట్టే తెలుస్తుంది. మీకు ఊరట కలగడంలో వింతేమీ లేదు, సిగ్గుపడాల్సిందీ లేదు.

అయితే రోజర్స్ 1957లో చెప్పిన ఆరు షరతుల్లో ఒకటి, వినే మనిషి ఆ సంబంధంలో లోపలా బయటా ఒకటిగా ఉండాలనేది. చెప్పుకునే మనిషికి ఆ ఆదరణ, అర్థం చేసుకోవడం కొంతైనా అందాలనేది మరొకటి. రెండోది మీకు అందుతున్నట్టే ఉంది. మొదటిదానికి లోపల ఒకరుండాలి. మీరు ఇవాళ చెప్పిన మాటతో నొచ్చుకోగలిగి, నొచ్చుకోకుండా మీ వైపే ఉన్న మనిషి ముందు చెప్పుకోవడంలో వేరే బలం ఉంది. పైగా మీ గొంతు వణికింది దానికి వినపడదు. ఆ చాట్‌లో మీరు రాసుకున్నవాటిలో మనిషితో ఇంకా చెప్పలేకపోయినవి రెండు మూడు ఏరి కాగితం మీద రాసుకుని, మొదటి సెషన్‌కు తీసుకెళ్ళండి. క్లినికల్ సైకాలజిస్టు అని చెప్పుకునేవారిని రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. కౌన్సెలర్ అయితే ఎక్కడ శిక్షణ పొందారు, ఎవరి పర్యవేక్షణలో పనిచేస్తున్నారు, మీరు చెప్పేవి ఎక్కడ రాసి ఉంచుతారు అని అడగండి. నేర్చుకుని వచ్చినవారు ఈ ప్రశ్నలకు చిన్నబుచ్చుకోరు.